గొట్టంలో గూడు

ఉదయం ఏడూ పదికి మరదలు కందిరీగ తడిమట్టి ఉండ నోట కరుచుకుని విమానాల షెడ్డులోకి వచ్చింది. దూలం మీద వదిన కందిరీగ కట్టిన గూడు నున్నగా మెరుస్తోంది.

"గూడంటే మీ వదినదేనమ్మా!" అంది గోడమీది బల్లి, రోజూలాగే.

మరదలికి ఒళ్లు మండింది. చిన్న విమానం రెక్క కింద వేలెడు గొట్టం కనిపిస్తే, అందులో గూడు కట్టి గుడ్డు పెట్టింది.

"నీ గూడు దూలాన్నే పట్టుకు వేలాడుతుంది వదినా. నా బిడ్డ ఆకాశంలో తిరుగుతుంది."

"తిరగడానికి అది గూడా, రంగులరాట్నమా?" అంది వదిన.

ఆ గొట్టంలో దూరే గాలిని బట్టే పైలట్‌కు వేగం తెలుస్తుంది. మర్నాడు విమానం లేచాక ముల్లు తప్పు వేగం చూపింది. ఆరుగురు ప్రయాణికులతో విమానం వేరుశనగ చేలో కూలింది. ఎవరూ బతకలేదు.

మూడో రోజు అధికారులు గొట్టంలోని మట్టిని తీసి, గాజుసీసాలో పెట్టి, కారులో తీసుకెళ్లారు.

"నా బిడ్డ పోయింది వదినా," అని మరదలు కుమిలిపోయింది.

"గాజుసీసాలో పెట్టారటగా!" అంది వదిన. "నా గూటిని ఇన్నాళ్లలో ఒక్క మనిషైనా తలెత్తి చూశాడా?"

షెడ్డులోని రెండో విమానం గొట్టంలో తడిమట్టి ఉందని ఆరో రోజున బల్లి చెబితే మరదలికి తెలిసింది.