ముందే చెప్పాలి కదండీ

“ఇంతకుముందు ఎక్కడైనా కౌంటర్లో చేశారా?” అడిగింది మేనేజరు.

అతను కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నాడు. “లేదండి. దారం మిల్లులో చేసేవాణ్ణి. దాన్ని మూసేశారు. ఏ పనైనా చేస్తూంటేనే కదండీ వచ్చేది.”

కాఫీ షాపులో పొద్దుటి రద్దీ అప్పుడే సద్దుమణిగింది. కౌంటరు వెనక కాఫీ కలిపే అమ్మాయి కప్పులు తుడుస్తోంది. మేనేజరు చెంపల దగ్గర నెరిసిన జుట్టు చూసి, ఆమె తనకంటే బాగా పెద్దదే అనుకున్నాడతను. ఆమె ముఖంలో మచ్చుకైనా నవ్వు లేదు. అది చూడగానే అతనికి సగం ఆశ చచ్చిపోయింది.

“రోజంతా నిలబడాలి.”

“నిలబడతానండి.”

“వచ్చినవాళ్ళు కసురుకుంటే?”

“మా నాన్న దగ్గర పెరిగినవాణ్ణండి. ఇంకెవరు కసిరినా నాకో లెక్క కాదు.”

కాఫీ అమ్మాయి కిసుక్కుమంది. మేనేజరు మాత్రం నవ్వలేదు.

“ఒక కప్పు కలిపి చూపించండి.”

బెరుగ్గానే కౌంటరు వెనక్కి వెళ్ళాడు. కానీ చెయ్యి తడుముకోకుండా కప్పులున్న అర మీదికే పోయింది. పొడి నింపి, అదిమి, పాలు నురగ తేలేదాకా కాచాడు. పక్కన నిలబడి ఎవరో చెబుతున్నట్టు చేతులు వాటంతటవే కదిలాయి. అతనికే ఆశ్చర్యం వేసింది.

మేనేజరు ఒక గుక్క తాగి కప్పును రెండు చేతులతో పట్టుకుంది. కిటికీ వైపు తిరిగిపోయింది.

“పంచదార ఎక్కువైందాండీ?”

“లేదు. సరిగ్గా ఉంది.” ఇటు తిరగలేదు. “ఇంట్లో ఎవరెవరుంటారు?”

“నేనూ, మా ఆవిడా, పాపా. ఈపాటికి మా ఆవిడ వీధి గుమ్మంలో నిలబడి ఉంటుందండి. ‘వస్తే వచ్చింది, రాకపోతే అన్నానికి ఇంటికొచ్చెయ్, మొహం చెల్లక రోడ్లు పట్టుకు తిరక్కు’ అని మరీ మరీ చెప్పి పంపింది.”

మేనేజరు కళ్ళద్దాలు తీసి అదేపనిగా తుడవసాగింది. అడిగిందొకటైతే తను ఇంటి సోదంతా చెప్పాడని విసుక్కుంటోందనుకుని అతను నాలుక కరుచుకున్నాడు. అయినా అసలు సంగతి దాచబుద్ధి కాలేదు.

“ఇంకోటండి. ముందే చెప్పాలి కదండీ. ఒంట్లో బాగోకపోతే మా పాప వాళ్ళమ్మ దగ్గర కూడా ఊరుకోదు. నా భుజమే కావాలి. అలాంటి రోజు కాస్త ఆలస్యమవుతుంది నాకు.”

“భుజం దిగనంటే?”

“దింపనండి.”

వెనక నుంచి ఆమె భుజాలు బిగుసుకోవడం కనిపించింది. కోపం వచ్చిందన్నమాట. నోటి దాకా వచ్చిన ముద్దను తనే నేలపాలు చేసుకున్నాడు. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలి? ఆవిడ ఏమీ అనదు, అదే బాధ. కంచం ముందు పెట్టి పక్కన కూర్చుంటుంది.

అతను లేచాడు. “వస్తానండి. మీ పని పాడుచేశాను.”

“ఉద్యోగం మీదే.”

సరిగ్గా విన్నాడో లేదో తెలియక అలాగే నిలబడిపోయాడు. ఆమె మళ్ళీ చెప్పింది.

అతని కళ్ళు చెమ్మగిల్లాయి. “ఎప్పట్నించి రమ్మంటారు?”

“రేపట్నించి.”

“అందరికంటే ముందొస్తానండి. ముందు మా ఆవిడకి చెప్పాలి. ఈ మాట విన్నాక ఆవిడ మొహం చూడాలండీ మీరు.”

మేనేజరు మళ్ళీ కళ్ళద్దాలు తీసింది. కాఫీ అమ్మాయి తుడుస్తున్న కప్పు పక్కన పెట్టి, “ఇవాళ కూడా కౌంటరు నేను చూసుకుంటాను మేడమ్. మీరు వెళ్ళిరండి” అంది మెల్లగా.

అతను ఆ మాట వినిపించుకునే స్థితిలో లేడు. తలుపు తోసుకుని గబగబా మెట్లు దిగాడు. వీధిలోకి వచ్చాక ఇల్లు ఎటువైపో ఒక్కసారిగా తోచలేదు. ఇటు చూశాడు, అటు చూశాడు. సంతోషంతో బుర్ర తిరిగిపోయిందనుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

వెనకే మేనేజరు వచ్చి, ముడతలు పడ్డ అతని చేతి వైపు చూస్తూ పక్కన నిలబడింది.

“చెయ్యి ఇలా ఇవ్వు నాన్నా,” అంది.