మూడు గళ్లలోనూ ఒకే బడి

“మూడు బడుల పేర్లు రాయమంటే మూడు గళ్లలోనూ మా బడి పేరే రాశారేంటండీ?” హెడ్‌మిస్ట్రెస్ దరఖాస్తు మీంచి తలెత్తి అడిగింది.

“రెండో పేరు రాస్తే అక్కడికి పంపేస్తారు మేడమ్. ఆ అవకాశం మనమే ఎందుకివ్వాలి?” అంది ట్రైనీ, తొణక్కుండా బెణక్కుండా.

టీచర్ల శిక్షణ కాలేజీలో ఆఖరి మెట్టు ఇది. ఎనిమిది వారాలు ఏదో ఒక ప్రాథమిక పాఠశాలలో, ఒక టీచరు కింద ఉండి పాఠాలు చెప్పాలి. బడి ఒప్పుకున్నట్టు సంతకం ఇవాళ నాలుగింటిలోగా కాలేజీకి చేరాలి. చేరకపోతే ఏడాది గల్లంతే. తోటి ట్రైనీలంతా ఎవరి బడి వాళ్లు ఎప్పుడో చూసుకున్నారు. ఈమెకు మాత్రం ఈ బడే కావాలి. అందులోనూ రెండో తరగతే కావాలి.

“లీడరు గారూ, కోరి కోరి ఆ టీచరు దగ్గరికా?” అని స్నేహితురాళ్లు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. ‘లీడరు’ అన్నది, క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తుతుందని వాళ్లు పెట్టిన పేరు. “పోయినేడాది ఇద్దర్ని వారం తిరక్కుండా వెనక్కి పంపేసింది. ఆవిడ ఓ చూపు చూస్తే చేతిలో సుద్దముక్క జారిపోతుందట!”

“జారితే వంగి తీసుకుంటాను,” అంది లీడరు.

వరండాలో టకటకా అడుగుల చప్పుడైంది. ట్రైనీ కుర్చీలో నిటారుగా సర్దుకుంది. రెండో తరగతి టీచరు లోపలికొచ్చింది. చంకలో నోటుపుస్తకాల దొంతర, వేళ్లకు సుద్దపొడి, ముక్కు మీద కళ్లజోడు. ట్రైనీ వైపు కన్నెత్తయినా చూడలేదు.

“నిన్ననే చెప్పాను కదా మేడమ్. నా తరగతిలో వద్దు.”

“కారణం కూడా చెప్పండి. పాపం, ఆవిడా వింటారు,” అంది హెడ్‌మిస్ట్రెస్.

“ఈవిడ పిల్లల్ని ఆలోచించనివ్వరు. పిల్ల కాస్త బిక్కమొహం పెట్టిందంటే చాలు, జవాబు వలిచి నోట్లో పెట్టేస్తారు. అది టీచరు పని కాదు.”

“పాఠం వినకుండానే తీర్పు చెప్పేస్తే ఎలా మేడమ్?” ట్రైనీ నవ్వుతూనే అడిగింది. “పది నిమిషాలివ్వండి. నచ్చకపోతే వచ్చిన దారినే పోతాను. మళ్లీ ఆ మాటెత్తను.”

“ఈ తగవులోకి నన్ను లాగకండి,” అంది హెడ్‌మిస్ట్రెస్. “నేను కాలేజీకి ఫోన్ చేసి కనుక్కున్నాను. వాళ్లకేం అభ్యంతరం లేదు. మార్కులు మాత్రం నేనే వెయ్యాలన్నారు. ఒక పాఠం చెప్పించి చూడండి. తర్వాత మీ ఇష్టం.”

టీచరు గోడ గడియారం చూసింది. “తీసివేతలు. పదే నిమిషాలు,” అని వెనుదిరిగింది.

తరగతిలో ముప్ఫై జతల కళ్లు కొత్త మనిషిని తేరిపార చూశాయి. టీచరు వెనక గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. ట్రైనీ సంచీలోంచి పుల్లలు తీసింది. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు మూడు, విడి పుల్లలు రెండు. మొత్తం ముప్ఫై రెండు. ముందు వరసలో ఉన్న రెండు జడల పిల్లను పిలిచి, “ఇందులోంచి పదిహేడు నాకివ్వు తల్లీ,” అంది.

పిల్ల ఠకీమని ఒక కట్ట ఇచ్చేసింది. ఇంకా ఏడు కావాలి. విడిగా ఉన్నవి రెండే. పిల్ల ఆ రెంటినీ చూసింది, ట్రైనీని చూసింది. కింది పెదవి వణికింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

ట్రైనీ కుడిచెయ్యి దానంతటదే కట్ట వైపు సాగింది. పొద్దుటి నుంచి ఆమె తడబడింది ఆ ఒక్క క్షణమే. చప్పున ఎడంచేత్తో ఆ చేతిని పట్టుకుని వెనక్కి లాక్కుంది. పిల్ల పక్కనే నేలమీద చతికిలబడింది.

“మనకేం తొందర లేదు,” అంది. “నేనూ చూస్తుంటాను.”

పిల్ల ముక్కు ఎగబీల్చింది. ఒక కట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“ఈ బ్యాండు తీసెయ్యొచ్చా?”

“నీకేమనిపిస్తోంది?”

పిల్ల రబ్బరు బ్యాండు లాగింది. పుల్లలు జలజలా రాలాయి. ఏడు లెక్కపెట్టి ట్రైనీ ఒళ్లో పోసింది. మిగిలినవి గబగబా లెక్కపెట్టి, “పదిహేనున్నాయి!” అని బడి ఎగిరిపోయేలా అరిచింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఆ సంగతి టీచరు ఎత్తలేదు. వరండాలోకి వచ్చాక కళ్లజోడు తీసి, కొంగుతో చాలాసేపు తుడిచింది.

“ఇదెప్పుడు నేర్చుకున్నారు?” అని అడిగింది.

“ఆలస్యంగానే మేడమ్. ముందంతా జవాబు చెప్పెయ్యడమే ప్రేమనుకున్నాను.”

టీచరు కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. “రేపు తొమ్మిది కాకముందే ఉండాలి. ఆలస్యమైతే గది బయటే నిలబెడతాను. మొహమాటపడను.”

“మీరు మొహమాటపడరనే కదా ఇక్కడికి వచ్చింది!”

ఇద్దరూ ఆఫీసు గదికి వచ్చారు. టీచరు దరఖాస్తు మీద సంతకం చేసి, వెనక్కి చూడకుండా తరగతికి వెళ్లిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ కలం మూత తీసి, మళ్లీ ఆగింది.

“‘తరగతి టీచరు మీ బంధువైతే మీకేమవుతారు’ అన్న గడి ఖాళీగా వదిలేశారు. అది కూడా నింపేస్తే సంతకం పెట్టేస్తాను.”

ట్రైనీ కలం అందుకుని ఒక్క మాట రాసింది: కూతురు.