నీళ్ల దొంగ

మామగారు వాకింగ్‌కి గడప దాటగానే అల్లుడు సొంత ఇంట్లోనే దొంగతనానికి దిగేవాడు. దొంగిలించేది నగలు కాదు, నీళ్లు. సోఫా వెనక ఉన్న తేమ లాగే మిషను బకెట్లోంచి మగ్గుతో తోడి, గుట్టుచప్పుడు కాకుండా బాల్కనీలో మొక్కలకు పోసేవాడు.

అతను పళ్ల డాక్టరు. రోజంతా మూలిగే నోళ్లు చూసి ఇంటికొస్తే, ఎంత నోరు తెరిచినా ఒక్క ఫిర్యాదూ చెయ్యనివి హాల్లో చేపలే. గోడ పొడుగునా ఉన్న ఆ గాజు ట్యాంకంటే అతనికి ప్రాణం. భార్యకేమో ప్రాణసంకటం. ఆమె ఇంట్లోనే పుస్తకాలకు బైండింగ్ చేస్తుంది. ట్యాంకు వచ్చాక కిటికీ అద్దాలకు చెమటలు పట్టాయి, తలుపులు ఉబ్బి బిగుసుకున్నాయి, ఆమె వేసిన అట్టలన్నీ వంకర్లు తిరిగాయి.

"ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది.

తగువు తీర్చడానికి ఆమె తండ్రి పెట్టె సర్దుకుని వచ్చారు. జడ్జిగా చేసి రిటైరైన మనిషి.

"అల్లుడుగారూ, ట్యాంకుకి గాజు మూత బిగించండి. గాల్లో తేమ లాగే మిషను తెచ్చి పెట్టండి. ఆదివారానికి దాని బకెట్లో నీళ్లు ఎర్రగీత దాటితే ట్యాంకు బయటికి. దాటకపోతే అమ్మాయి ఇక నోరెత్తకూడదు."

మూతా వచ్చింది, మిషనూ వచ్చింది. పెద్దాయన పడక హాల్లోనే.

"ఏమిటండీ ఈ హోరు?" అన్నారు మొదటి రాత్రి.

"ట్యాంకు మోటారండీ. ఆపితే చేపలు చచ్చిపోతాయి" అన్నాడు అల్లుడు. మర్నాటి నుంచి ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మర్నాడు పొద్దున్నే అల్లుడు బకెట్లోకి తొంగిచూశాడు. నీళ్లు అప్పుడే సగానికి వచ్చాయి! కిటికీలు పొడిగా ఉన్నాయి, తలుపులు సాఫీగా పడుతున్నాయి, ట్యాంకులో నీళ్లు వేలెడైనా తగ్గలేదు. మరి ఇంత తేమ ఎక్కడిది? చేపలకు గానీ చెమటలు పడుతున్నాయా? ఆ రోజే మగ్గు అందుకున్నాడు. కానీ తోడేకొద్దీ బకెట్ ఊరుతూనే ఉంది.

మామగారు రోజూ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి, బకెట్లోకి తొంగిచూసి, మీసాల్లోనే నవ్వుకునేవారు. కూతురు గెలుస్తోందని సంబరం కాబోలని పళ్ల డాక్టరు పళ్లు నూరుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆఖరి మగ్గు కోసం వంగాడో లేదో, అడుగుల చప్పుడైంది. గబుక్కున కర్టెన్ వెనక దూరాడు. వచ్చింది భార్య. చేతిలో నిండు చెంబు. అటూ ఇటూ చూసి బకెట్లోకి ఒంపేసింది.

"దొంగ! దొంగ!" అంటూ కర్టెన్‌తో సహా బయటికి దూకాడు. రాడ్డు ఊడి నెత్తిన పడింది.

"తమరి చేతిలో ఆ మగ్గెందుకో?" అందామె నింపాదిగా.

అల్లుడికి దొంగకు తేలు కుట్టినట్టయింది. అప్పుడే వాకింగ్ నుంచి వచ్చిన మామగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను నాన్నా! ఈయన రోజూ నీళ్లు తోడి మొక్కలకు పోస్తున్నారు. తోడినంతే నేను తిరిగి పోశాను, చుక్క ఎక్కువ లేదు. గీత దాటిందా లేదా, నువ్వే చూడు."

దాటింది.

"మొదటి తప్పు నాదే మామయ్యగారూ" అన్నాడు అల్లుడు తల వంచుకుని. ట్యాంకు వంక చూస్తే చేపలన్నీ ఇటే చూస్తున్నాయి. అతనికి ఏడుపొచ్చేసింది.

మామగారు సోఫా వెనక్కి వంగి, మిషను వైరు కొస పైకెత్తి చూపించారు.

"చేపల్ని ఎక్కడికీ పంపక్కర్లేదు అల్లుడుగారూ. ఏమే అమ్మాయీ, తోడినంతే పోశావా? హోరుకి నిద్రపట్టక, మొదటి రాత్రే నేను దీని ప్లగ్గు పీకేశాను!"