మసిడేగ

“ఆపబ్బీ, ఆపు! ఎడమ పక్క, రాయి మీద!”

ఖాజావలి గట్టిగా బ్రేకు తొక్కాడు. బండి రోడ్డు దిగి, గులకరాళ్లను ఎగజిమ్ముతూ ఆగింది. రాయి మీది పిట్ట లేచి కొండ వెనక్కి తేలిపోయింది.

“నీ బ్రేకు పాడుగాను! లోకమంతా ఇనపడేట్టు తొక్కితివి కదరా!” గులాం మొహిద్దీన్ బైనాక్యులర్స్ దించి నుదురు కొట్టుకున్నాడు. “ఏందది? నువ్వన్నా సూస్తివా?”

“కాకి మామా. ఉత్త కాకి.”

“కాకికింత రభసా? పోనీ బండి.”

తబూక్ నుంచి దుబా రేవుకు పోయే దారి అది. మొహిద్దీన్‌కు అరవై తొమ్మిదేళ్లు. ఉప్పునీళ్లను మంచినీళ్లుగా మార్చే ప్లాంటులో ముప్పై ఏళ్లు మెకానిక్కుగా చేసి, ఇప్పుడు మదీనాలో కూతురు రేష్మా దగ్గర ఉంటున్నాడు. ప్రతి అక్టోబరులో తబూక్‌లో దిగి ఖాజావలి బండి ఎక్కుతాడు. ఇద్దరిదీ రాయచోటి పక్కే కాబట్టి మామా అల్లుడూ అయిపోయారు. రెండు రోజులు పొలాల వెంట, ఒక రోజు కొండల్లో, చివరి రోజు ఈజిప్టు ఒడ్డు దాకా ఫెర్రీలో పోయి రావడం. నాలుగేళ్లుగా ఇదే వరస.

మొదటి ఏడు ఖాజావలి నవ్వుకున్నాడు. గల్ఫులో డ్రైవరుకు ఆకాశంతో పనేమిటి? రోడ్డూ, కెమెరా, ఫైనూ. ఐదో తరగతితో బడి మానినవాడికి అదే లోకం. కానీ ఈ ముసలాయన ఎర్రటి ఎండలో రెండు గంటలు రాయిలా కూర్చుని, బొటనవేలంత పిట్టను చూపించి, “రష్యా నుంచి వస్తాందిరా ఇది. పూచీపడే కఫీలు లేడు, ఉండేదానికి ఇకామా కార్డు లేదు, ఎట్టొచ్చిందో సూడు” అన్నప్పుడు నవ్వు ఆగిపోయింది. తనకు ఎవరూ ఏదీ అంత ఓపిగ్గా చెప్పలేదు, బడిలో అయ్యవారితో సహా.

ఈ దేశంలో చూడాలనుకున్న పిట్టలన్నిటినీ మొహిద్దీన్ చూసేశాడు. మిగిలింది ఒక్కటే. పుస్తకంలో దానికి పెద్ద ఇంగ్లీషు పేరుంది. ఖాజావలి దాన్ని మసిడేగ అంటాడు.

“పొగచూరిన పెనం రంగురా దానిది,” అన్నాడు మొహిద్దీన్, రేవు కనబడుతుండగా. “లోకంలో పిట్టలన్నీ చల్లటి కాలం సూసుకొని గుడ్లు పెడతాయి. ఇది మండే ఎండలో, మాడే రాళ్ల మీద పెడుతుంది. మొండి ముండ.”

“నీకు మల్లేనే.”

“నా మొండి అయిపోయిందిలే. అది కనపడిందా, ఇంక నా పని తీరినట్టే. ఈ క్యాన్సరు సూదులూ వద్దు, ఆస్పత్రీ వద్దు. రేష్మాకు చెప్పేసినా.”

“అట్లంటే ఎట్ల మామా?”

“పొడిపించుకునేటోనికి తెలుస్తుంది. సూది పడిన వారమంతా నీళ్లు కూడా చేదే. ఆ డేగ కోసమే ఓర్చుకుంటాండా. ఈ ఏడన్నా చూపియ్యరా. నీ కండ్లే నాకు ముందు, ఈ అద్దాలు ఆ తర్వాతే.”

ఖాజావలి బండిని రేవు గేటులోకి తిప్పాడు.

ఫెర్రీ కదిలిన గంటకు ఎడమ వైపున బోడి రాళ్ల దీవి ఒకటి వచ్చింది. మసిడేగ ఉంటే అక్కడే ఉండాలి. మొహిద్దీన్ కమ్మీని పట్టుకున్నాడు. బైనాక్యులర్స్ ఇంకా పైకెత్తలేదు.

“సూడు అబ్బీ, ముందు నువ్వు సూడు.”

ఖాజావలి ఎండకు చెయ్యి అడ్డం పెట్టి దీవి వంక చూశాడు. కొంచెంసేపు అలాగే నిలబడిపోయాడు.

“ఏమన్నా ఉండాదా?”

“రాళ్లే మామా.” అంతలోనే కుడి వైపుకు తిరిగి అరిచాడు. “ఇటు రా, ఇటు! చేపల గద్ద!”

ముసలాయన భుజం పట్టి అవతలి కమ్మీ దగ్గరికి నడిపించాడు. గద్ద రెక్కలు ముడిచి నీళ్లలో పడింది, గోళ్లలో చేపతో లేచింది. చేప తల గాలికి ఎదురుగా ఉండేట్టు సర్దుకుని ఎగిరిపోయింది. వందసార్లు చూసిన పిట్టే. అయినా మొహిద్దీన్ నోరు తెరుచుకుని చిన్నపిల్లాడిలా చూశాడు.

“సుభానల్లా! ఏం పనితనంరా!”

వెనక్కి తిరిగేసరికి దీవి చాలా దూరమైపోయింది.

“అయ్యో, దాటిపాయ కదరా!”

“వచ్చేటప్పుడు చూద్దాం.”

“వచ్చేసరికి పొద్దు కూకుతుంది, ఇంగేం సూస్తాం?” మొహిద్దీన్ బెంచీ మీద కూలబడ్డాడు. బైనాక్యులర్స్ మెడలోంచి తీసేసి, “టీ తేపో,” అన్నాడు.

పది రోజుల తర్వాత రేష్మా ఫోన్ చేసింది.

“అన్నా, నాయన మళ్లీ సూదులకు ఒప్పుకున్న్యాడు. నిన్ననే ఒకటి వేసినారు. వచ్చే అక్టోబరు దాకా నిలబడాలంట. నిన్నొకటే తిట్టు, నీ కండ్లకు పొరలొచ్చినాయని.”

“తిట్టనీలేమ్మా,” అన్నాడు ఖాజావలి.

ఈ ఏడు కూడా మసిడేగను ఖాజావలి ఒక్కడే చూశాడు.