ముల్లుకు పూసిన రంగు

"గడియారం కాదు, నీ కొడుకు కాళ్ళే వెనకబడినాయి," అంటున్నాడు చెన్నప్ప.

"కాళ్ళు నా పోలికలే. గడియారమే నీ పోలిక. చూసేదానికి పెద్దది, పనికి మందం," అంది తిప్పమ్మ, రోటి దగ్గర నుంచి లేవకుండానే.

పొద్దున్నే మొదలైన ఈ తగువు ముందు మగ్గం చప్పుడు కూడా వినబడటం లేదు. తగువుకు కారణమైన పెద్దకొడుకు రామాంజినేయులు మాత్రం చీరల సంచీతో గడపలో నిలబడి ఉన్నాడు. ధర్మవరంలో ఇంట నేసిన చీరలను హిందూపురంలోని తమ అంగట్లో అమ్మేది అతనే. శనివారం రాత్రి రావడం, సోమవారం పొద్దున బండికి పోవడం. వరసగా ఇది రెండో సోమవారం, బండి తప్పడం.

"నేనేం చేసేది నాయనా? మన గడియారం చూసే బయలుదేరినా. మైలు దూరం నడిచి టేషన్‌కు పోయేతలికి బండి లేదు. మన గడియారమే నిదానంగా నడుస్తాండాది," అంటూ అతను సంచీలోంచి బజ్జీల పొట్లం తీసి తల్లి ముందు పెట్టాడు. విప్పితే పొగలు వచ్చాయి.

వంటింటి తలుపు వెనక ప్రమీల నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

పెళ్ళయి నాలుగు నెలలు. పట్టు దారం కండెలకు చుట్టే మనిషి లేకపోతే మగ్గాలు ఆగిపోతాయని అత్త ఆమెను ఇక్కడే ఉంచేసింది. వారానికి ఒక్క ఆదివారం మొగుడు ఏ మూలకు? అందుకే ఆదివారం దీపాలు పెట్టే వేళ, మామ భజనకు వెళ్ళగానే, ప్రమీల పీట ఎక్కి గడియారం పెద్ద ముల్లును మెల్లగా వెనక్కి జరుపుతోంది. పొద్దున బండి తప్పితే మళ్ళీ మరునాటి బండే. ఒక రోజంతా మిగిలినట్టే.

చెన్నప్ప ఊరుకునే మనిషి కాదు. అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడాది ముచ్చటపడి కొన్న గడియారం అది. దాన్ని దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో పెనుకొండ తీసుకుపోయాడు. అక్కడ గడియారాలు బాగుచేసే ఏసురత్నం మూత విప్పాడు, చెవి ఆనించి విన్నాడు, మూత పెట్టేశాడు.

"దీనికి ఏ రోగమూ లేదప్పా. మీ ఇంట్లోనే ఎవరో ముల్లు తిప్పుతాండారు."

ఆ రాత్రి అన్నాల దగ్గర చెన్నప్ప తేల్చి చెప్పేశాడు. "మన ఇంట్లో దొంగ ఉండాది. ఎవరైనా సరే, దొరికిన రోజే వాళ్ళ ఊరికి పంపించేస్తా."

ప్రమీల పుట్టినూరు రొద్దం. చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. ఇక ఆ గడియారం జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఆదివారం మొగుడు మల్లెపూలు తెచ్చాడు. ఒట్టు గట్టు మీద పెట్టి ప్రమీల పీట ఎక్కింది.

దిగి దీపం దగ్గరికి వచ్చి చెయ్యి చూసుకుంది. రెండు వేళ్ళ కొసలు ఎర్రగా ఉన్నాయి. మామ ముల్లు వెనక వైపు పట్టు దారానికి వేసే రంగు పూసిపెట్టాడు. చీర చిరిగినా పోదని ఆయన అందరికీ గొప్పలు చెప్పుకునే రంగు అదే. చింతపండు పెట్టి రుద్దింది, కుంకుడుకాయ పెట్టి రుద్దింది, బూడిద పెట్టి రుద్దింది. మామ గొప్పలన్నీ నిజమేనని తెలిసిపోయింది.

అప్పుడు తట్టింది ఉపాయం. పెరట్లో గోరింటాకు దూసుకొచ్చి, నూరి, పది వేళ్ళకూ పెట్టేసుకుంది.

పొద్దున రామాంజినేయులు మళ్ళీ వెనక్కి వచ్చాడు. చేతిలో బజ్జీల పొట్లం.

చెన్నప్ప అందరినీ గడియారం కింద వరసగా నిలబెట్టాడు. "చేతులు చూపీండి."

చిన్నకొడుకు హనుమంతు చేతులు చాచాడు. "నీవి గూడా చూపీ నాయనా."

"పొద్దస్తమానం రంగులో చేతులు పెట్టేవాణ్ణి, నన్ను అడుగుతావా?" అన్నాడు చెన్నప్ప, మోచేతుల దాకా ఎర్రగా ఉన్న చేతులు వెనక్కి పెట్టుకుంటూ. కోడలి దగ్గర ఆగాడు. "పండగ లేదు పబ్బం లేదు, గోరింటాకు ఏంటికమ్మా?"

"ఊరికే, మామా."

ఆయన పక్కకు జరిగి, అక్కడే కొయ్యబారిపోయాడు. తిప్పమ్మ చాచిన చేతిలో రెండు వేళ్ళ కొసలు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వా?"

తిప్పమ్మ వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. అత్త పుట్టినూరు తలుపుల. ఈ వయసులో ఆమెను ఆ ఊరికి పంపించేస్తారా? ప్రమీల ఉండబట్టలేకపోయింది.

"అత్త కాదు మామా. వెనక్కి తిప్పింది నేనే."

"అది వెనక్కి తిప్పేది నిజమే," అంది తిప్పమ్మ తాపీగా. "మొదటి ఆదివారం నుంచీ చూస్తానే ఉండా. అది ఎంత వెనక్కి లాగితే, తెల్లారి లేచి నేను అంత ముందుకు తోస్తాండా. వీడు లేచేతలికి గడియారం సరిగ్గానే ఉంటాది."

చెన్నప్ప గడియారాన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. "మరి మూడుసార్లు బండి ఎట్ల తప్పింది?"

తిప్పమ్మ కొడుకు చేతిలోంచి పొట్లం తీసుకుని విప్పింది. పొగలు కక్కుతున్న బజ్జీ ఒకటి మొగుడికి ఇచ్చి, అందరూ వినేటట్టు మెల్లగా అంది.

"వచ్చే సోమవారం నుంచి ప్రమీల గూడా హిందూపురంలోనే ఉంటాది, కండెలు నేను చుట్టుకుంటా. మైలు దూరం నడిచి వచ్చినోడి చేతిలో బజ్జీలు ఇంత వేడిగా ఉండవు. వీడు ఒక్కనాడు గూడా మన వీధి చివర బజ్జీల అంగడి దాటి పోలేదు."