మొదటి కోడి

మురుంగపాక్కం పొలిమేరలో జీపు ఆగగానే పూజారి సుబ్బరాయలు గుళ్లోంచి బయటికి పరుగెత్తుకొచ్చాడు. జీపు వెనక తాళ్లు, గడ్డిమోపులు, నలుగురు కూలీలు. సామిని కదిలించడానికే వచ్చారు. 1976 వేసవి అది.

సర్కారు ఆఫీసరు వంగి గుడిలోకి చూశాడు. గుడి అంటే ఎంతని, నాలుగు మట్టిగోడలు, పైన తాటాకు. లోపల ఊరి కావలి దేవుడు, నల్లరాతి మునీశ్వరన్. పద్మాసనం, ఒళ్లో చేతులు, నడుముకు పంచె, ఒంటినిండా విభూతి. ఏడు తరాలుగా సుబ్బరాయలు వంశమే పూజారులు.

"ఇది మునీశ్వరన్ కాదు పూజారిగారూ. తలపైన మూడు గొడుగులు చూడండి. జైన తీర్థంకరుడు. పురాతన విగ్రహాల కొత్త చట్టం ప్రకారం టౌన్లో మ్యూజియానికి పోవాలి."

"ఏంది సార్, అట్లంటారు? ఆడ దీపం యాడ పెడతారు? సామికి నీళ్లెవరు పోస్తారు?"

సుబ్బరాయలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. సామిని ఈ గుడి దాటనివ్వనని తాత చచ్చేముందు చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. నాన్నా అంతే. ఇప్పుడు తన కాలంలో, తన కళ్లముందు ఆ మాట పోతోంది.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. సుబ్బరాయలు గుడ్డలో వడగట్టి ఇచ్చిన నీళ్లు తాగి, మెత్తగానే అడిగాడు. "ఊరి దేవుడే అయితే వదిలేసి పోతాను. కానీ చుట్టుపక్కల ప్రతి మునీశ్వరన్‌కీ కోడిని కోస్తారు. ఇక్కడ ఒక్కసారీ కొయ్యలేదట. ఎందుకని?"

"పొంగలి పెడతాం సార్..."

"జైన దేవుడి ముందు నెత్తురు పడదు. నేనేమని రాసుకోను?"

ఊరిపెద్ద లోకనాథన్ భగ్గుమన్నాడు. "ఇంతేనా? మామా, సామిని ఎత్తుకుపోతా ఉంటే చూస్తా నిలబడతావా? మా ఇంట్లో పుంజుంది. కొయ్యి. పూజారి చెయ్యే పడాల."

పుంజు వచ్చింది. కత్తి వచ్చింది. ఊరంతా మూగింది. అవతల కూలీలు తాళ్లు విప్పుతున్నారు.

సుబ్బరాయలు సామి మొహంలోకి చూశాడు. చేతిలో పుంజు వెచ్చగా ఉంది, దాని గుండె టపటపా కొట్టుకుంటోంది. నావల్ల కాదు, వదిలేయండని ఆఫీసరు కాళ్లమీద పడదామనుకున్నాడు. అంతలో ఒక కూలీ తాడుతో లోపలికి అడుగుపెట్టాడు.

సుబ్బరాయలు కళ్లు మూసుకుని కోశాడు.

సామి ఒళ్లో చేతుల మీద నెత్తురు చిందింది. ఊరు ఈలలు వేసింది. ఆఫీసరు కాగితం మీద 'ఊరి దేవుడు, జైనం కాదు' అని రాసి సంతకం పెట్టి జీపెక్కాడు. లోకనాథన్ పుంజును కూరకు పట్టుకుపోయాడు.

"గెలిచినావు మామా!" అని భుజం తట్టారంతా.

సుబ్బరాయలు ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టాడు. చేతులు మూడుసార్లు తోముకున్నాడు. నుదుటి విభూతి కడిగేశాడు.

ఏడు తరాలుగా ఆ ఇంటి గోడలు తప్ప ఊళ్లో మరెవరూ వినని "ణమో అరిహంతాణం" మంత్రం అనబోతే, ఆ ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క జైనుడికి నోరు పెగల్లేదు.