రిజిస్టరులో పేరు

సెప్టెంబరు ముప్పయ్యో తేదీలోగా సభ్యత్వం ఫీజు కట్టకపోతే వరప్రసాద్ పేరు ఆడిటర్ల రిజిస్టరులోంచి తీసేస్తారు. ఢిల్లీ నుంచి వచ్చిన మూడో ఉత్తరంలో ఆ ముక్క స్పష్టంగా ఉంది.

అతను ఆ ఉత్తరాన్ని నీళ్ల పొయ్యిలో పడేశాడు. అతని భార్య సౌభాగ్య దాన్ని పుల్లతో బయటికి లాగి, కాలినంత కాలగా మిగిలింది చదివింది. స్కూలు ఫైనలు దాకా చదివిన మనిషి గనక ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమైంది.

పేరు పోతే ఆడిట్ చేసే హక్కు పోతుంది. సంతకం చెల్లదు. గన్‌ఫౌండ్రీలో మేడమీద గది, గది బయట బోర్డు, ఇంట్లో రెండు పూటలా పొయ్యి, అన్నీ ఆ ఒక్క పేరు మీదే ఉన్నాయి. అదేం ఊరికే వచ్చిన పేరా? సి.ఏ. పరీక్ష నాలుగోసారికి ప్యాసయ్యాడు మహానుభావుడు.

ఎందుకు కట్టరని అడిగితే చూద్దాం అన్నాడు. మళ్లీ అడిగితే అన్నం సగంలో లేచిపోయాడు. మూడోసారి అడగడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

ఒక ఆదివారం బోర్డు ఊడదీసి, పాత పేపర్లో చుట్టి నాంపల్లి ఇంటికి తెచ్చాడు. మంచం కిందికి తోసేసి పడుకున్నాడు. మర్నాడు చొక్కా ఉతకబోతే జేబులో కాగితం దొరికింది. అక్టోబరు అయిదు నుంచి అబిడ్స్‌లోని ఒక బట్టల కొట్లో గుమాస్తా ఉద్యోగం, జీతం నూట యాభై.  సి.ఏ. ప్యాసైనవాడు బట్టల కొట్లో గుమాస్తాగిరీ చేయడమేమిటి? మతి చెడిందా, ఎవరైనా మందు పెట్టారా?

అన్నిటికన్నా ఆమెను భయపెట్టింది కారు హారను. వీధిలో కోదండరామయ్యగారి కారు హారను వినిపిస్తే చాలు, వరప్రసాద్ దొడ్డితలుపు తీసుకుని వెళ్లిపోయేవాడు.

కోదండరామయ్య పరాయివాడు కాదు. గుడివాడ దగ్గర వాళ్ల ఊరివాడే. తండ్రిలేని వరప్రసాద్‌ని హైదరాబాదు తీసుకొచ్చి, ఆడిటరు దగ్గర పని నేర్చుకోవడానికి ప్రీమియం కట్టి, అయిదేళ్లు తన ఇంట్లో అన్నం పెట్టాడు. ఇప్పుడు చాదర్‌ఘాట్‌లో ఆయనకు చిట్‌ఫండ్ కంపెనీ ఉంది. నాంపల్లిలో సగం మంది గుమాస్తాలు చిట్టీలు వేసేది అక్కడే. దానికి ఆడిటరు వరప్రసాదే. అలాంటి మనిషికి మొహం చాటేస్తున్నాడంటే సౌభాగ్యకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఒక మధ్యాహ్నం ఆయన వస్తే ఉండబట్టలేక అన్నీ చెప్పేసింది. ఉత్తరాలు, బోర్డు, బట్టల కొట్టు, ఏదీ దాచలేదు. ఆయనకు కోపం రాలేదు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆఖరు తేదీ ఎప్పుడన్నావమ్మా?"

చెప్పింది.

"వాడు అభిమానం గలవాడు. మనం చెబితే వినడు. నువ్వే కట్టెయ్ తల్లీ, డబ్బు నేనిస్తాను. నేనిచ్చానని మాత్రం వాడితో అనకు."

ఆ క్షణమే కారెక్కించి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు తీసుకెళ్లాడు. మనియార్డరు ఫారం స్వయంగా నింపాడు. రసీదు చేతికొచ్చేదాకా కౌంటరు దగ్గరే నిలబడ్డాడు. తరవాత మూడు రోజులకోసారి వచ్చి, ఢిల్లీ నుంచి జవాబు వచ్చిందా అని అడిగేవాడు. కన్నతండ్రి కూడా ఇంత పట్టించుకోడని సౌభాగ్య కళ్లు తుడుచుకుంది.

సెప్టెంబరు ముప్పై రాత్రి వరప్రసాద్ కడుపునిండా అన్నం తిన్నాడు. పప్పు మారు అడిగాడు. ఏదో గుర్తొచ్చినట్టు తనలో తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి ఆమె ఆ రాత్రి వంటింటి కత్తిపీట తీసి బియ్యం డబ్బా వెనక దాచింది.

అక్టోబరు మూడున కోదండరామయ్య తోలుసంచీ పట్టుకుని వచ్చాడు. ఈసారి వరప్రసాద్ పారిపోలేదు. ఎదురుగా కూర్చుని, తలవంచుకుని, ఫీజు కట్టలేదని, తన పేరు తీసేసి ఉంటారని, ఇక తన సంతకం చెల్లదని, వేరే ఆడిటర్ని చూసుకోమని చెప్పాడు. పెద్దాయన ముందు భర్త అంత చిన్నబోవడం చూడలేక సౌభాగ్య మొహం తిప్పుకుంది.

కోదండరామయ్య కాఫీ తాగుతూ వీధికేసి చూస్తూ కూర్చున్నాడు.

పదకొండింటికి పోస్ట్‌మన్ సాయన్న వచ్చాడు.

"సారూ, ఢిల్లీ కాయితం వచ్చింది. అమ్మ పదిరోజుల సంది అడుగుతనే ఉన్నది. ఇగో, తీస్కోన్రి."

కవరు అందుకున్నది కోదండరామయ్య. చించి, చదివి, వరప్రసాద్ ఒళ్లో పెట్టాడు. ఫీజు ముట్టింది, పేరు యథాతథంగా ఉంది.

"లేదన్నావుగదరా అబ్బాయ్. ఇదిగో, నిక్షేపంలా ఉంది."

సంచీలోంచి కంపెనీ లెక్కల కాగితాలు తీసి బల్లమీద పరిచాడు. కలం మూత కూడా ఆయనే తీసి ఇచ్చాడు. వరప్రసాద్ ఆ ఉత్తరం వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. నాలుగు చోట్ల సంతకాలు పెట్టాడు. పెద్దాయన కాగితాలు ఊది ఆరబెట్టి, సంచీలో పెట్టుకుని, సౌభాగ్య తలమీద చెయ్యివేసి దీవించి వెళ్లిపోయాడు.

కారు మలుపు తిరిగింది. సౌభాగ్య గడప దగ్గర నిలబడి, మీకు చెప్పకుండా కట్టినందుకు కోప్పడకండి, డబ్బు కోదండరామయ్య బాబాయిగారే ఇచ్చారు, అంది.

వరప్రసాద్ ఢిల్లీ ఉత్తరాన్ని మడిచి బల్లమీద పెట్టాడు.

"అయిదేళ్లు ఆయన అన్నం తిన్న నోటితో ఆ దొంగ లెక్కల మీద సంతకం పెట్టనని అనలేకనే, సౌభాగ్యా, నా పేరు కొట్టేసే రోజు కోసం ఏడాదిగా కాచుక్కూర్చున్నాను."